కాపలా చూడని ఫోల్డర్

"ఒంటె గెలిచింది వదినా! నా ఒంటె గెలిచింది!"

ఫోన్లోంచి పిన్నిగారు అరిచిన అరుపుకి అత్తయ్య చేతిలో పేపరు కిందపడింది. నేనైతే కుర్చీలోంచి లేచి ఒక గంతు వేశాను. అసలు ఆ పొద్దున నాకు గంతులు వేయడానికి వేరే కారణం కూడా ఉంది. నా మొదటి విజిటింగ్ కార్డులు అప్పుడే ప్రెస్ నుంచి వచ్చాయి. మా అత్తయ్య డిటెక్టివ్ ఏజెన్సీ పేరు, ఆవిడ పేరు, ఆ కింద నా పేరు, నా పేరు కింద 'సహాయ పరిశోధకురాలు'. పెళ్లయి రెండు నెలలు కాలేదు, అప్పుడే అత్తగారితో సమానంగా అట్టముక్క ఎక్కాను. కార్డు వాసన కూడా చూశాను. కొత్త సిరా వాసన ఎంత బాగుంటుందో!

పిన్నిగారంటే నాకు సొంత పిన్ని కాదు, అత్తయ్య చిన్ననాటి స్నేహితురాలు. చెక్కబొమ్మలు చేస్తారు. మా పెళ్లికి ఒకదాని వెనక ఒకటి నడిచే రెండు బాతులు ఇచ్చారు. రోజూ పొద్దున్నే మా ఆయన కాఫీ కప్పు దాకా వాటిని నడిపించడం నా దినచర్య. ఇప్పుడు ఆవిడ చేసిన ఒంటె, తాడు లాగితే మోకాళ్లు వంచి కూర్చుని, వదిలితే లేచి నిలబడే ఒంటె, ఒక పెద్ద బొమ్మల కంపెనీకి నచ్చేసింది. మర్నాడు పదింటికి ఒప్పందం మీద సంతకాలు.

ఆ ఫోను పదకొండు గంటలకి వచ్చింది. మళ్లీ పదకొండున్నరకి మోగింది. ఈసారి పిన్నిగారి గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"వదినా, నా ఒంటె బజార్లో ఉంది. వేరే కంపెనీ పేరుతో, ఈ పొద్దునే దుకాణాల్లో పెట్టారట. సంతకాలు పెట్టాల్సిన కంపెనీవాళ్లు ఫోన్ చేసి, 'ఇది మీరు కాపీ కొట్టారా' అని అడిగారు. నన్ను! రేపు పదింటికి వచ్చి నాదేనని రుజువు చూపించాలట. లేకపోతే నా పాత బొమ్మలన్నిటి మీదా విచారణ వేస్తారట. ఇరవై ఏళ్ల పేరు వదినా..."

అత్తయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "దేన్నీ ముట్టుకోకు. వస్తున్నాం. అమ్మాయ్, పద."

నేను నాలుగు కార్డులు బ్యాగులో వేసుకుని పరుగెత్తాను.

*

పిన్నిగారింట్లో ముందుగది బొమ్మల గదే. బల్ల మీద రంపాలు, ఆకురాళ్లు, కింద రంపపుపొట్టు. బల్ల మధ్యలో రెండు ఒంటెలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి పిన్నిగారిది. రెండోది ఆవిడ భర్త, స్కూల్లో వయొలిన్ నేర్పే బాబాయిగారు, వీధి చివరి దుకాణానికి పరుగెత్తి కొనుక్కొచ్చింది. ఆయన ఒక మూల ముక్కాలి పీట మీద, మాస్టారు తిట్టిన కుర్రాడిలా ముడుచుకుని కూర్చున్నారు.

అత్తయ్య ఎవరినీ పలకరించలేదు. రెండు తాళ్లూ ఒకేసారి లాగింది. రెండు ఒంటెలూ మోకాళ్లు వంచి కూర్చున్నాయి. తాళ్లు వదిలింది. పిన్నిగారి ఒంటె లేచి నిలబడింది. కొన్న ఒంటె కూర్చునే ఉండిపోయింది.

"ఇది లేవదేం?"

"లేవదు వదినా. మోకాలి గాడి బిగుతుగా ఉంది." పిన్నిగారు కళ్లు తుడుచుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పని గురించి అడిగేసరికి గొంతు కుదుటపడింది. "నేను డ్రాయింగ్‌లో గాడి ఎప్పుడూ బిగుతుగానే గీస్తాను. చెక్క కోశాక ఆకురాయి పెట్టి కొంచెం కొంచెంగా అరగదీసుకుంటూ పోతాను. ఒక్కో చెక్క ఒక్కో తీరు కదా. ప్రాణం వచ్చిందనిపించగానే ఆపేస్తాను. అది చేతికి తెలియాలి గానీ, కొలత రాస్తే వచ్చేది కాదు."

"అన్ని బొమ్మలకీ ఇంతేనా?"

"అన్నిటికీ. మీ కోడలికిచ్చిన బాతుల డ్రాయింగ్ చూసినా అంతే, వాటి కాళ్లు కదలవు."

అత్తయ్య కొన్న ఒంటెను తిప్పి తిప్పి చూసింది. "అయితే వీళ్లు నీ బొమ్మను చూసి చేయలేదు. బొమ్మను చూసినవాడైతే గాడి వదులుగా పెట్టేవాడు. నీ డ్రాయింగ్‌ను ఉన్నదున్నట్టు మరలోకి ఎక్కించారు. ఆ డ్రాయింగ్ ఎక్కడెక్కడ ఉంది?"

"లోపలి గదిలో కంప్యూటర్‌లో. ఇంకెక్కడా లేదు. కంపెనీకి కూడా బొమ్మ చూపించి తిరిగి తెచ్చేసుకున్నాను. డ్రాయింగ్ సంతకాలయ్యాకే ఇవ్వాలి."

"అదే నేనూ చెబుతున్నాను!" అంటూ లోపలి గదిలోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. నల్లకోటు, చేతిలో మెరిసే అట్టపెట్టె. "కంప్యూటర్‌లోకి వైరస్ చొరబడింది. డ్రాయింగ్ ఎత్తుకుపోయింది. కేసు అయిపోయింది. నమస్తే మేడమ్, బాగున్నారా?"

అత్తయ్య మొహం మాడింది. ఈయన గురించి వినడమే గానీ నేను చూడటం అదే మొదటిసారి. అత్తయ్య పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆవిడ కిందే పనిచేశాడు. ఇప్పుడు సైబర్ పరిశోధకుడిగా సొంత దుకాణం పెట్టి, మా చేతికొచ్చిన కేసులు సగం ఎగరేసుకుపోతున్నాడు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. కోటాయన అంటారు.

"ఇంత ఉక్కపోతలో ఆ కోటేమిటయ్యా? లోపల చొక్కా ఇస్త్రీ చేయలేదా?" అంది అత్తయ్య.

"కబుర్లెందుకు మేడమ్. ఇది చెక్కా మేకుల కేసు కాదు, మీకు అందదు. రండి, చూపిస్తా."

*

లోపలి గది చిన్నది. కంప్యూటర్, ఒక కుర్చీ, గోడకి ఒక వయొలిన్. కీబోర్డు మీద రంపపుపొట్టు పడకుండా పిన్నిగారు కప్పే పాత దుపట్టా మడిచి పక్కన పెట్టి ఉంది. తెర మీద ఎర్రటి అక్షరాలతో కోటాయన తెచ్చిన స్కాన్ మెరుస్తోంది.

"నూట పన్నెండు ముప్పులు!" అన్నాడు కోటాయన, సొంత పిల్లాడి మార్కులు చదివినట్టు. "ఈ కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చిన యాంటీవైరస్ కాపలా తప్ప వీళ్లింట్లో ఇంకేం లేదు. ఊరికే వచ్చింది ఊరికే పడుకుంటుంది. మా పూర్తి రక్షణ ప్యాకేజీ ఉంటే ఇలా జరిగేదా? ఇప్పుడు మొత్తం చెరిపేసి, శుభ్రంగా మా ప్యాకేజీ వేసేయడమే. ఈరోజే."

"చాలింది కదండీ ఇప్పుడు?" పిన్నిగారు గుమ్మంలోంచి భర్త వైపు తిరిగారు. "నెల క్రితం నేను కొనమంటే ఏమన్నారు? 'ఉన్నది చాలదా' అన్నారు. నా చేతి పనినంతా దొంగలపాలు చేశారు."

 బాబాయిగారి పక్కన నిలబడ్డ పిన్నిగారి తమ్ముడు వెంటనే అడ్డుపడ్డాడు. "బావని ఏమీ అనకు అక్కా. ఆయనకేం తెలుసు పాపం. నీళ్లు తాగు ముందు." గ్లాసు అందించాడు, అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ముప్పై దాటినవాడు, నవ్వు మొహం. పిన్నిగారు ఇప్పటికీ ఆయన్ని చిన్నా అనే పిలుస్తారు. తల్లి పోయాక ఆవిడే పెంచి పెద్ద చేశారు.

నేను తెర దగ్గరికి వంగి ఆ ఎర్ర అక్షరాల కింద ఉన్నవి ఒక్కొక్కటీ చదివాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

"సార్, ఈ నూట పన్నెండూ కుకీలు. మనం చూసిన వెబ్‌సైట్లు గుర్తు కోసం వదిలి వెళ్లే ముక్కలు. ఇవి డ్రాయింగ్‌లు ఎత్తుకెళ్లవు. నా కంప్యూటర్ చూస్తే ఇంతకు రెట్టింపు ఉంటాయి."

"ఎవరీ అమ్మాయి?"

"మా కోడలు. ఇదే చదువు చదివింది," అంది అత్తయ్య తెర మీంచి చూపు తిప్పకుండా. "కార్డు ఇవ్వు అమ్మాయ్."

అలా నా మొదటి కార్డు మా ప్రత్యర్థి కోటు జేబులోకి వెళ్లింది. ఆయన దాన్ని చదివిన తీరు నేను జన్మలో మర్చిపోను.

నేను కుర్చీలో కూర్చుని కంప్యూటర్‌తో వచ్చిన సొంత కాపలాను తెరిచాను. ఆ పొద్దున్నే అప్‌డేట్ అయి ఉంది. ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. "ఇది మెలకువగానే ఉంది అత్తయ్యా. మొత్తం కంప్యూటర్‌ని దీంతోనే ఒకసారి వెతికిస్తాను."

"కానివ్వు. ఈలోపు నేను మనుషుల్ని వెతుకుతాను."

*

అత్తయ్య ముందు బాబాయిగారిని పట్టుకుంది. వంటింట్లో, నిలబెట్టే.

"ఎందుకు కొనొద్దన్నారు?"

"ఆవిడకి తెర మీద ఒక ప్రకటన వచ్చింది. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే కొనండి' అని. బెదిరించి అమ్మేవాడి దగ్గర నేను ఏదీ కొననండీ. అంతే. ఇప్పుడు చూస్తే నాదే తప్పు."

"తప్పెవరిదో నేను చెప్తాను, మీరు తొందరపడకండి. ఆ కంప్యూటర్‌లో మీరు ఏమైనా దింపారా?"

ఆయన మెడ వాల్చారు. "ఒకసారి. వయొలిన్ శ్రుతి చూసుకునేది, ఉచితం అంటే దింపాను. దాని వెంట ఏదో చెత్త వచ్చింది. ఆ కాపలా అప్పుడే పట్టుకుని తీసిపారేసింది. కానీ మా ఆవిడ ఊరుకుంటుందా? నాకు విడిగా ఒక ఖాతా పెట్టింది. అందులో పాటలు వినొచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు. ఇంకేం మార్చాలన్నా ఆవిడ పాస్‌వర్డ్ కావాలి. ఆ కంప్యూటర్‌లో నాది అద్దెకున్నవాడి హోదా."

"పాస్‌వర్డ్ మీకు తెలుసా?"

"అడిగే ధైర్యం ఉందా నాకు?"

అత్తయ్య పెదాలు కదిలాయి, నవ్వు బయటికి రాలేదు. తరువాత తమ్ముడు. ఆయన్ని బొమ్మల గదిలోకి పిలిచింది. నేను స్కాన్ నడుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మీ అక్క పాస్‌వర్డ్ మీకు తెలుసా?"

"తెలుసండీ. దాచడానికేముంది? ఆ ప్రకటన వచ్చాక అక్క భయపడి, 'కొనాలా వద్దా నువ్వే చూసి చెప్పు చిన్నా' అంది. అప్పుడే పాస్‌వర్డ్ ఇచ్చింది. చూశాను. ప్రస్తుతానికి బాగానే ఉంది, అయినా కొనుక్కుంటే మంచిదన్నాను. బావ వినలేదు." కొన్న ఒంటెను వేలితో తట్టాడు. "ఒక తమాషా చెప్పనా? ఈ మోకాలి ఐడియా అసలు నాదే. అక్క మర్చిపోయింది."

"చిన్నప్పుడు అట్టముక్కతో ఏదో చేశావులే," అన్నారు పిన్నిగారు లోపల్నుంచి.

"చూశారా?" అని ఆయన నవ్వాడు. నవ్వు బాగానే ఉంది. ఆగడానికే ఒక క్షణం ఎక్కువ పట్టింది.

ఆయన ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు. కోటాయన తన అట్టపెట్టె సీలు గోటితో గీరుతున్నాడు.

"నీకు పని బాగా దొరుకుతున్నట్టుందే. ఇంత త్వరగా ఎలా ఊడిపడ్డావు?" అంది అత్తయ్య, ఊసుపోకకి అడిగినట్టు.

"టైమంటే టైమే మేడమ్ నాకు. పొద్దున తొమ్మిదింటికి తమ్ముడుగారు ఫోన్ చేశారు. పన్నెండుకల్లా వచ్చి అక్కగారి కంప్యూటర్ మొత్తం చెరిపి ప్యాకేజీ వేయాలన్నారు. ఐదు నిమిషాల ముందే గుమ్మంలో ఉన్నా. మీలా అందరికన్నా ఆఖర్న రాను."

అత్తయ్య కనురెప్ప కూడా కదపలేదు. నేను మాత్రం లోలోపల లెక్క వేసుకున్నాను. దొంగతనం సంగతి పిన్నిగారికి తెలిసిందే పదకొండున్నరకి. తొమ్మిదింటికి ఈ ఇంట్లో ఎవరికీ ఏ కష్టమూ లేదు. గెలిచిన కబురు కూడా ఇంకా రాలేదు.

లోపల కంప్యూటర్ టింగుమంది.

*

స్కాన్ అయిపోయింది. వైరస్ ఏమీ దొరకలేదు. కానీ చివర్లో ఒక చిన్న వాక్యం కనిపించింది. ఒక చోటు వెతకలేదు, అది వెతకవద్దని యజమాని చెప్పారు కాబట్టి.

"అత్తయ్యా," అన్నాను. గొంతు తగ్గింది. "ఈ కాపలాకి ఎవరో ఒక ఫోల్డర్ చూపించి, ఇటువైపు చూడకు అని చెప్పారు. అలా చెప్పాలంటే పిన్నిగారి పాస్‌వర్డ్ ఉండాలి. బయటి వైరస్ చేయలేదిది. కుర్చీలో కూర్చున్న మనిషి చేశారు."

"ఏ ఫోల్డర్?"

నేను పేరు మీద వేలు పెట్టాను. అత్తయ్య చదివింది.  తరువాత తలుపు దగ్గరగా వేసింది.

"దీన్ని తెరవకు. ఒక్క ప్రశ్న మిగిలింది, అది అడిగొస్తాను." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నీ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా?"

"మీ అబ్బాయికిచ్చాను," అన్నాను. పెళ్లైన వారానికే, చెవిలో చెప్పాను. ఎంత గొప్ప ప్రేమ అనుకున్నానో అప్పుడు.

"వాడికా? వాడి పాస్‌వర్డే వాడికి గుర్తుండదు," అని వెళ్లిపోయింది. నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు ఎప్పటిలా కడుపు దాకా వెళ్లలేదు.

బొమ్మల గదిలో అందరూ ఉన్నారు. తమ్ముడు లోపలికి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. అత్తయ్య ఓడిపోయిన మనిషిలా కుర్చీలో కూలబడింది. నాకే నమ్మబుద్ధేసింది.

"కోటు వేసుకున్నాయన చెప్పిందే నిజమేమో. మాకేమీ దొరకలేదు. సరే, రేపు సాయంత్రం చెరిపేయండి. ఈలోపు విడిగా దాచుకోవాల్సినవి ఏమున్నాయి చెప్పండి?"

"బొమ్మల డ్రాయింగ్‌లు," అన్నారు పిన్నిగారు.

"అవి చాలండీ," అన్నాడు తమ్ముడు. "మిగతాదంతా పోయినా నష్టం లేదు. రేపు సాయంత్రం దాకా ఎందుకు, ఈరోజే చేసేస్తే..."

"మీ అమ్మగారి ఫోటోలు కూడా అందులోనే ఉన్నట్టున్నాయి?"

తమ్ముడి చూపు ఒక్క క్షణం లోపలి గది వైపు పోయి వచ్చింది. అంతే. అంత చిన్న క్షణాన్ని నేను మరొకసారి చూడాలనుకోవడం లేదు.

"ఆ ఫోటోలు నా దగ్గర ఉన్నాయండీ," అన్నాడు తమ్ముడు. "అన్నీ ఉన్నాయి. అయినా అక్క వాటిని తెరవదు."

పిన్నిగారు తల ఎత్తి తమ్ముడి వైపు చూశారు. ఏదో అనబోయి, అత్తయ్య కళ్లలో ఏం చూశారో గానీ ఆగిపోయారు.

"మంచిది. అంటే ఈ పెట్టె కొనాల్సిందేనన్నమాట." అత్తయ్య లేచింది. "తమ్ముడుగారూ, మీరు ఈ కోటు వేసుకున్నాయన్ని దింపేసి రేపటి టైమ్ మాట్లాడుకోండి. మాకు కొంచెం ఆడవాళ్ల కబుర్లున్నాయి."

"ఒప్పుకున్నారన్నమాట," అన్నాడు కోటాయన, తమ్ముడు ముందు వీధిలోకి దిగాక గుమ్మంలో కోటు సర్దుకుంటూ. "ఊరికే వచ్చింది పనికిరాదని."

"ఒకటి చెప్పు. నీ పెట్టెకి కూడా 'ఈ ఫోల్డర్ చూడకు' అని చెప్పే ఏర్పాటు ఉంటుందా?"

"ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు చెప్తే వినాలి కదా."

"వింటుంది కదా. అదే అడిగాను." ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నవ్వుతూనే వెళ్లాడు. గెలిచి వెళ్తున్నానని అనుకున్నాడు పాపం.

*

లోపలి గదిలో పిన్నిగారిని కుర్చీలో కూర్చోబెట్టింది అత్తయ్య. బాబాయిగారిని కూడా పిలిచింది.

"ముందొక మాట. మీ ఆయన తప్పేమీ లేదు. ఉన్న కాపలా బాగానే పనిచేసింది. నువ్వు ఎంత పోసి కొన్నా ఇదే జరిగేది. కాపలా కళ్లు మూసింది నీ పాస్‌వర్డ్‌తో. ఇప్పుడిది నువ్వే తెరవాలి."

తెర మీద ఫోల్డర్ పేరు 'అమ్మ'.

పిన్నిగారి చెయ్యి మౌస్ మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. "ఇది నేను తెరవను వదినా. అమ్మ పాత ఫోటోలన్నీ ఎక్కించి మూశాక మళ్లీ ముట్టుకోలేదు. తెరవలేను. నీకు తెలుసు."

"నాకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

 బాబాయిగారు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. భుజం మీద చెయ్యి వేయాలా వద్దా అని సందేహించి, చివరికి కుర్చీ వీపు పట్టుకున్నారు. ఆ చెయ్యి చూసి పిన్నిగారు ఊపిరి పీల్చుకుని నొక్కారు.

ఫోటోలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నలుపు తెలుపులో ఒక పల్చటి మనిషి, ఒళ్లో ఆడపిల్ల. అదే మనిషి, కాస్త నెరిసిన జుట్టుతో, పక్కన ఒక పిల్లాడు. పిల్లాడి చేతిలో అట్టతో చేసిన ఏదో జంతువు. పిన్నిగారు నోటికి అడ్డంగా చెంగు పెట్టుకున్నారు.

వరస మధ్యలో ఒకటి మాత్రం విచ్చుకోలేదు. తెల్లటి ఖాళీ గడి. కింద 'అమ్మ నవ్వు' అని పేరు.

"ఇది ఫోటో కాదు పిన్నిగారూ," అన్నాను. ఎలా చెప్పాలో తెలియక మెల్లిగా చెప్పాను. "ఫోటో పేరు పెట్టుకున్న ప్రోగ్రామ్. మీరు డ్రాయింగ్ మార్చినప్పుడల్లా ఒక నకలు బయటికి పంపుతుంది. ఇది ఇక్కడికి వచ్చిన రోజే కాపలాకి చూడొద్దని చెప్పారు. ఆ రోజు... కొనాలా వద్దా చూడమని మీరు అడిగిన రోజు."

 వయొలిన్ తీగ ఒకటి తనంతట తానే సన్నగా మోగినట్టనిపించింది నాకు. బహుశా అది పిన్నిగారి ఊపిరే కావచ్చు.

"వాడి దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు," అన్నారు ఆవిడ. "ఏడాదికోసారి అడుగుతాడు, 'అమ్మ ఫోటోలు ఇవ్వక్కా' అని. ఇస్తానంటాను. తెరవలేక ఇవ్వలేదు. అన్నీ ఉన్నాయన్నాడు చూడు, అప్పుడే నాకు..." మాట మింగారు. "చెరిపించేసేవాడు కదా వదినా. అమ్మని కూడా కలిపి చెరిపించేసేవాడు."

బాబాయిగారి చెయ్యి ఈసారి సందేహించలేదు. పిన్నిగారు ఆ చేతి మీద చెంప ఆనించి, "మిమ్మల్ని ఎన్ని మాటలన్నానండీ," అన్నారు.

"అద్దెకున్నవాణ్ని. పడాలి," అన్నారాయన. 

"ఎందుకు చేశాడు వదినా? నేనేం తక్కువ చేశాను?"

అత్తయ్య తెర మీది ఫోటో వైపు చూసింది. తల్లి పక్కన పిల్లాడు, వాడి చేతిలో అట్టబొమ్మ. బొమ్మకి నాలుగు కాళ్లు, వాటికి మడత పడే మోకాళ్లు. పిన్నిగారు కూడా అటే చూశారు. చూసి, చూపు దించేసుకున్నారు. ఆవిడ మనసులో ఆ క్షణంలో ఏం తిరిగిందో నేను అడగలేదు, ఎవరూ అడగలేదు.

"దొంగతనం దొంగతనమే," అంది అత్తయ్య. "ఐడియా ఎవరిదన్నది అక్కాతమ్ముళ్ల మధ్య తేలాల్సిన సంగతి. వేరే కంపెనీకి అమ్మాల్సింది కాదు."

వీధి తలుపు చప్పుడైంది. కోటాయన్ని పంపించి తమ్ముడు తిరిగి వచ్చాడు. నేను గభాలున ఫోల్డర్ మూసేశాను.

"అక్కా!" గొంతు ఎప్పటిలా తియ్యగా ఉంది. "రేపు తొమ్మిదింటికి కారు తెస్తాను, కంపెనీకి నేనే తీసుకెళ్తా. ఒంటె పాడవకుండా ఇప్పుడే ప్యాక్ చేసేయనా?"

మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లేచి నిలబడే ఒంటె ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది ముందుగదిలో బల్ల మీద, కూర్చున్న ఒంటె పక్కనే, ఆయన చేతికి అందేంత దూరంలో ఉంది.

లేద్దామనుకున్నాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. పిన్నిగారి చెవి దగ్గరికి వంగి, పెదాలు కదిలీ కదలనట్టు చెప్పింది.

"చేయనీ. నీ తమ్ముడు కట్టే పెట్టెలో ఏ ఒంటెని పెడతాడో అదే నీ రెండో రుజువు. ఇక్కడికి వచ్చినప్పుడే నీ ఒంటె కడుపు కింద నా కాటుక చుక్క పెట్టాను. ఆయన ఇంటికి వెళ్లాక పెట్టె విప్పి చూద్దాం. మార్చి ఉంటే మళ్లీ మనం మారుద్దాం. నీ ఒంటెని ఎక్కడ దాచినా ఈ గుమ్మం దాటనివ్వను. రేపు ఆయన కారులోనే వెళ్దాం. నువ్వు ముందు సీట్లో, నేనూ నా కోడలూ వెనక. పదింటికి అందరి ముందూ నీ ఒంటెని, వాళ్ల ఒంటెని, నీ పాత డ్రాయింగ్‌లని బల్ల మీద పెడతాం. ఏ ఒంటె లేస్తుందో వాళ్లే చూస్తారు. అప్పుడు ఆ పెట్టె కట్టిందెవరో నువ్వు చెప్పాలి. చెప్పగలవా?"

పిన్నిగారు తెర వైపు చూశారు. ఫోల్డర్ మూసి ఉంది. 'అమ్మ' అన్న పేరు మాత్రం కనిపిస్తోంది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, తమ్ముణ్ని అన్నానికి పిలిచే అక్క గొంతుతోనే పలికారు.

"అలాగే చిన్నా. జాగ్రత్తగా కట్టు. రేపు తొమ్మిదికల్లా వచ్చేయ్, ఇద్దరం కలిసే వెళ్దాం."